అభిమాన చిత్రాల పట్టికలు: వొక అభ్యంతరం

తమకు నచ్చిన సినిమాల పట్టిక రాసుకోవడం, దాన్ని తోటివారికి చూపడం, వారి పట్టిక అడిగి తీసుకోవడం, యేడాది తిరిగేసరికి రెండు పేర్లు కొట్టేసి రెండు పేర్లు చేర్చడం సినిమా ప్రియులకు చాలాకాలంగా వున్న అలవాటు. మా కదిరిలోనూ వుంది. సాయంత్రం టీ అంగడి దగ్గర నలుగురు చేరితే "నీ పది చెప్పు, నా పది చెప్తా" అనే మాట వచ్చి తీరుతుంది. యిదంతా నిరపాయకరమైన కాలక్షేపమనీ, దీన్ని గురించి విమర్శ వ్యాసం రాయడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేయడమేననీ అనేవారున్నారు. వారితో నేను యేకీభవించను. సాహిత్యం చదువుకున్నవాణ్ణి గనుక పట్టికలు యేం చేయగలవో నాకు కొంత తెలుసు.

ముందు వాటి స్వరూపం చూద్దాం. కొన్నేళ్లుగా నా చేతికి వచ్చిన పట్టికలలో మొదటి నాలుగు స్థానాలూ దాదాపు వొకటే. మాయాబజార్ (1957), పాతాళభైరవి (1951), మల్లీశ్వరి (1951), దేవదాసు (1953) అటూయిటూ మారి కూర్చుంటాయి. చివరి రెండు స్థానాలలో నిరుడు బాగా ఆడిన బొమ్మ వుంటుంది. సవరణ అంటే ఆ చివరి రెండింటిని మార్చడమే. అంటే పైభాగం శాసనం, కిందిభాగం వాతావరణ సూచన. యీ రెండింటిలో యేదీ అభిప్రాయం కాదు.

కారణం అడిగి చూడండి. పైవాటికి "అది క్లాసిక్ గదా సార్" అంటారు. కిందివాటికి "సూపరుంది సార్" అంటారు. యింకా గుచ్చి అడిగితే "యెవరి యిష్టం వాళ్లది, దాంట్లో మీరు తగులుకోవాల్సిందేముంది?" అంటారు. యీ చివరి మాట వినడానికి ప్రజాస్వామికంగా వుంటుంది. కానీ యెవరి యిష్టం వాళ్లదే అయితే యిరవై మంది యిష్టాలు వొకే వరసలో యెట్లా వచ్చాయి? స్వతంత్రమైన రుచులు యిరవై వుంటే పట్టికలు యిరవై రకాలుగా వుండాలి. అట్లా లేవంటే అందులో రుచి కంటే వినికిడి యెక్కువని అర్థం.

తెలుగు సాహిత్యంలో యీ కథ యింతకు ముందే జరిగింది. పంచకావ్యాలన్నది వొక పట్టికే. ఆ అయిదూ యేవో చెప్పమంటే పండితులందరూ వొకే అయిదు పేర్లు చెప్పరు. మనుచరిత్ర, వసుచరిత్రల దగ్గర తల వూపినవారు చివరికి వచ్చేసరికి విడిపోతారు. అయినా ఆ పట్టిక తరతరాల విద్యార్థులకు యేది కావ్యమో, యేది కాదో నేర్పింది. కట్టమంచి రామలింగారెడ్డి 'కవిత్వతత్త్వ విచారము' (1914)లో కళాపూర్ణోదయాన్ని పైకెత్తినప్పుడు వొక పేరు చేర్చి వూరుకోలేదు. కథ అంటే యేమిటి, వర్ణన యెంతవరకు వుండాలి అని తూకాన్నే మార్చాడు. వేమన విషయం మరీ స్పష్టం. చాలామంది పండితుల లెక్కలో ఆయన కవే కాదు. బ్రౌను 1829లో ఆయన పద్యాలు అచ్చువేయించినా, దాదాపు నూరేళ్ల తర్వాత రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ అనంతపురంలో ఆయన మీద ఉపన్యాసాలు యిచ్చేదాకా విద్వాంసుల పట్టికలో వేమనకు గట్టి చోటు దొరకలేదు. ఆ చోటు దయతో వచ్చింది కాదు, వాదనతో వచ్చింది.

సినిమాలోనూ తూకం మారిన సందర్భం వుంది. బ్రిటిష్ పత్రిక 'సైట్ అండ్ సౌండ్' 1952 నుంచి పదేళ్లకోసారి విమర్శకుల పట్టికలు సేకరిస్తోంది. మొదటిసారి డిసీకా తీసిన 'బైసికిల్ థీవ్స్' అగ్రస్థానంలో వుంది. అప్పుడు తొలి పదిలో లేని 'సిటిజన్ కేన్' 1962లో పైకి వచ్చి 2002 దాకా కదలలేదు. 2012లో 'వెర్టిగో' దాన్ని తోసింది. 2022లో షాంతాల్ అకెర్మాన్ అనే స్త్రీ 1975లో తీసిన 'జాన్ డీల్మాన్' మొదటిదయింది. వొక గృహిణి మూడు రోజుల యింటిపని అది; బంగాళాదుంపల చెక్కు తీయడం కూడా అందులో తీరిగ్గా చూస్తాం. కొందరు యిది కళ కాదు, రాజకీయం అని మండిపడ్డారు. 2012లో 846 మందిని అడిగినవారు 2022లో 1,639 మందిని అడిగారు. అడిగేవారి పరిధి పెరిగితే వంటగది కూడా సినిమా వస్తువుగా కనబడింది. అంతకు ముందరి పట్టికలలో రాజకీయం లేదా? వుంది, అది పాతబడి, అలవాటైపోయి, రుచి అనే పేరు తెచ్చుకుంది. (మన పట్టికలలో స్త్రీలు తీసిన చిత్రాలేవి? భానుమతి 'చండీరాణి' 1953లోనే తీసింది, సావిత్రి 'చిన్నారి పాపలు' 1968లో తీసింది, విజయనిర్మల నలభైకి పైగా తీసింది. నేను చూసిన పట్టికలలో వీటిలో వొక్క పేరూ లేదు. చూసి కాదన్నారా అంటే అదీ కాదు.)

మనవాళ్లు బయటి పట్టికలను వాడుకునే తీరు కూడా విచిత్రం. 2013లో సి.ఎన్.ఎన్.-ఐ.బి.ఎన్. నడిపిన వోటింగులో మాయాబజార్ భారతీయ చిత్రాలన్నిటిలో మొదటిదిగా వచ్చినప్పుడు అది తిరుగులేని తీర్పు. 2022లో అంతర్జాతీయ సినిమా విమర్శకుల సమాఖ్య భారత శాఖ ప్రకటించిన పదింటిలో తెలుగు చిత్రం వొక్కటీ లేకపోతే అది పక్షపాతం. ఆ పదింటిలో తెలంగాణ దొర కథ చెప్పిన బెనెగళ్ 'అంకుర్' (1974) వున్నదనీ, మన పల్లెను మన భాషలో కాక వేరే భాషలో చూడవలసి వచ్చిందనీ వొక్కరు బాధపడగా నేను వినలేదు.

యిప్పుడు అసలు సంగతికి వస్తాను. మా కుర్రవాళ్ల పట్టికలలో సమరసింహారెడ్డి (1999), ఆది (2002), ఇంద్ర (2002) తప్పకుండా వుంటాయి. మాది వానకు మొహం వాచిన నేల. పాత అనంతపురం జిల్లాలో సాలీనా సగటు వర్షం 550 మిల్లీమీటర్లకు అటూయిటూ. వేరుశనగ పోతే బెంగుళూరు బస్సెక్కడం యిక్కడ జీవితం. ఆ చిత్రాలలో యీ నేల సుమోలు గాలిలోకి లేచే మైదానం, జనం కత్తులకు తలవంచే మంద. కరువునూ నీటినీ కథలోకి తెచ్చిన ఇంద్రలో కూడా నీళ్లు రావడమనేది వొక గొప్పింటి నాయకుడి త్యాగఫలం. యివి చూడవద్దని నేననను. యీలలు వేస్తే వేయనివ్వండి. తమను యిట్లా చిత్రించిన కథను తమ అభిమాన చిత్రమని స్వహస్తంతో రాసి యిచ్చేటప్పుడు యెందుకని వొక్క వాక్యం రాయమంటాను. రాయలేకపోవడం చిన్న విషయం కాదు. తన బొమ్మను యెవరో వంకరగా గీస్తే, అదే తన మొహమనుకొని గోడకు తగిలించుకోవడమది.

మా వూళ్లో వేరుశనగ పరిశోధనా కేంద్రం వుంది. అక్కడ పుట్టిన కదిరి-6, కదిరి లేపాక్షి రకాలు మా రైతులందరికీ తెలుసు. వాళ్లు తాతల నాటి టి.ఎం.వి.-2 విత్తనాన్ని పక్కన పెట్టినప్పుడు చెట్టుకు యెన్ని కాయలు పట్టాయి, వాన వెనకపడితే యెన్నాళ్లు తట్టుకుంది, గింజ యెంత తూగింది అని లెక్క చెప్పి మార్చారు. అక్షరం రాని రైతు విత్తనం విషయంలో చేసే పనిని డిగ్రీ చదివిన సినిమా ప్రియుడు తన పట్టిక విషయంలో చేయడు.

తరగతిలో వొకసారి యిష్టమైన సినిమా గురించి పేజీ రాయమన్నాను. చాలామంది నన్ను మెప్పించడానికి మాయాబజార్ రాశారు. కొందరు దాన్ని చూడలేదని రెండో వాక్యంలోనే బయటపడింది. వొకమ్మాయి మాత్రం యెవరూ పట్టికలో పెట్టని మామూలు బొమ్మ పేరు రాసి, "మా అమ్మ బెంగుళూరు పనికి పోకముందు నా పక్కన కూర్చొని చూసింది" అని కారణం రాసింది. యిది విమర్శ కాదు. కానీ ఆ కట్టలో విమర్శకు మొదలనదగింది ఆ కాగితం వొక్కటే.

మన సంఘం మిత్రులకూ రెండు మాటలు చెప్పాలి. వారి పట్టిక వేరు: మాలపిల్ల (1938), రైతుబిడ్డ (1939), రోజులు మారాయి (1955), ఒక ఊరి కథ (1977), మా భూమి (1979), దాసి (1988). మంచి పేర్లే. కానీ వస్తువును చూసి మార్కులు వేయడం కూడా చూడకుండా మార్కులు వేయడమే. రోజులు మారాయిలో రైతులు కలిసి గెలుస్తారు. ప్రేమ్‌చంద్ కథను మృణాల్ సేన్ తెలుగులో తీసిన ఒక ఊరి కథలో గెలుపు లేదు. పని చేస్తే లాభం ఆసామికే గనుక పనే చేయమని తండ్రీ కొడుకులు తీర్మానించుకుంటారు, ఆ తర్కానికి యింటి కోడలు బలి అవుతుంది. దోపిడీ మనిషి తెలివిని కూడా యెట్లా కుళ్లబెడుతుందో చెప్పే చిత్రమది. యీ రెండింటినీ 'రైతు సమస్య' అనే వొక్క శీర్షిక కింద పెట్టినవాడు రెండింటిలో దేన్నీ సరిగా చూడలేదు.

నా పట్టిక చెప్పమంటారు గదా, చెబుతాను. మాయాబజార్ కంటే పైన అదే దర్శకుడి 'పెద్దమనుషులు' (1954) పెడతాను. ఆ దర్శకుడు మా జిల్లా తాడిపత్రి ప్రాంతం మనిషి, కె.వి.రెడ్డి అన్నదాన్లో 'కె' కదిరి, అది ఆయన యింటిపేరు. అందుకని మమకారంతో అంటున్నాననుకోకండి, రెండు చిత్రాలూ ఆయనవే. మాయాబజార్‌లో నన్ను ఆకట్టేది మాయ కాదు. రాజ్యం పోయిందని తెలియగానే మేనత్త కొడుక్కు పిల్లనివ్వడానికి ద్వారకలో ముఖాలు మారిపోతాయే, అది. పాండవులను తెరమీద చూపకుండానే వారి లేమిని యింటి గుమ్మంలోకి తెచ్చాడు. అయితే ఆ ముడి ఘటోత్కచుడి మాయతో విడిపోతుంది; ఆస్తి ప్రశ్న నవ్వుల్లో కరిగిపోతుంది. ఇబ్సెన్ 1877 నాటి నాటకం ఆధారంగా వచ్చిన పెద్దమనుషులులో ఆ సౌకర్యం లేదు. మునిసిపల్ చైర్మన్ ధర్మారావు ధర్మం పేరుతో వూరిని తింటాడు. నిజం చెప్పడానికి తిక్కశంకరయ్య పిచ్చివాడుగా వుండవలసి వస్తుంది. రేలంగి ఆ వేషంలో నవ్విస్తున్నంతసేపూ సభ్యసమాజంలో నిజానికి మిగిలిన చోటెంతో మనకు తెలుస్తూనే వుంటుంది. యీ కారణం తప్పని యెవరైనా చూపితే పట్టిక మారుస్తాను. చూపకుండా "అందరూ వొప్పుకున్నదే" అంటే మార్చను.

'యోగి వేమన' (1947) విషయంలో మాత్రం మా వూళ్లో తగవు తెగలేదు. కటారుపల్లిలోని వేమన సమాధి మాకు దగ్గర గనుక దాన్ని నెత్తిన పెట్టుకునేవారు చాలామంది. నేను అయిదో స్థానమే యిచ్చాను. కులాన్నీ, విగ్రహాన్నీ, దొంగ వేషాలనూ యెగతాళి చేసిన వేమన అందులో వెనక్కి పోయి, అన్నకూతురు చనిపోతే విరక్తి చెందిన వేమన ముందుకు వచ్చాడని నా అభ్యంతరం. వొక మిత్రుడు వొప్పుకోలేదు. బంగారం చేసే విద్య కోసం తిరిగినవాడికి యింటి దీపం ఆరిపోయిందంటే అది వైరాగ్యం కాదు, బంగారం మీద తీర్పు అని ఆయన వాదన. నాగయ్య ముఖం చూడవయ్యా, ఆ పైన మాట్లాడు అంటాడు. ఆ వాదన నాకింకా పూర్తిగా యెక్కలేదు. వచ్చే ఆదివారం యిద్దరం కూర్చొని ఆ చిత్రం మళ్లీ చూడబోతున్నాం.