చేతి బలమా? మేని తిరుగుడా?



“ఆడుపిల్ల చేతులలో బలమెంత? ఆమెకు బంతులాట లేల?” అను మాట మన యిండ్లలో నేటికిని వినబడుచున్నది. విసరుటకు వలయు బలమంతయు చేతులలోనే పుట్టునను భ్రమయే యీ మాటకు మూలము.

ఏలూరికి దక్షిణమున కొల్లేటి నీటిలో దోనెపై నిలిచి విసురువల వేయు జాలరిని గమనింపుడు. అంచున బరువుగుండ్లు గల తడివల తేలికైనది కాదు. అతడు పాదములను కుదుర్చుకొని, మేనిని ఒక ప్రక్కకు త్రిప్పి, మరల ఎదురుదిశకు తిరుగుచు వలను వదలును. ఆ తిరుగుడుచేతనే గుండ్లు వెలుపలికి జరిగి, వల చక్రమువలె విప్పారును. చేతులతో మాత్రమే విసరినచో నది ముద్దగా చెంతనే పడును.

గోల్ఫు అను ఆటయందును రహస్య మిదియే. నేలపై నున్న చిన్న బంతిని పొడవైన కర్రతో గొట్టి, దూరమున నున్న గుంటలో వీలైనంత తక్కువ దెబ్బలతో వేయుటయే యీ యాట. కుడిచేతి వాటము గలవారు మొదట భుజములను కుడివైపునకు సుమారు 90 డిగ్రీలును, కటిని అందులో సగమును త్రిప్పుదురు. ఈ భేదముచేత, మెలిపెట్టిన త్రాటియందువలె, మేనియందు బిగువు కలుగును. కొట్టునపుడు కదలిక క్రిందినుండి పైకి సాగవలెను. ముందు బరువు ఎడమ పాదముపైకి మరలును. పిదప కటి, మొండెము, భుజములు, చేతులు, కట్టకడపట కర్ర. ఒక్కొక్కటి తన వేగమును తరువాతి దాని కందించును. చేతులు తొందరపడి ముందు కదలినచో వరుస చెడి దెబ్బ నిస్సారమగును.

తెలుగు తల్లిదండ్రులకు కాలిఫోర్నియాలో జన్మించిన సాహిత్ తీగలకు చిన్ననాడే వెన్నెముక ప్రక్కకు వంగు స్కోలియోసిస్ అను దోషము కనబడినది. ఐనను అతడు తన మేనికి పొసగిన తిరుగుడుతోనే ఆడి, 2023 సెప్టెంబరులో నాపాయందు పి.జి.ఏ. టూర్ పోటీని మొదటిసారి గెలిచెను.

ఇక మనము ఇంట చేయదగిన అభ్యాసము. పాదములను భుజములంత ఎడముగా నుంచి, మోకాళ్ళను కొంచెము వంచి, చేతులను రొమ్ముపై కట్టుకొనుడు. తలను కదల్పక, మెల్లగా కుడికిని ఎడమకును పదేసి మారులు తిరుగుడు. ఎడమకు తిరుగునపుడు కుడిమడమ తనంత తాను లేవవలెను. మోకాళ్ళను బిగించి నడుమును మాత్రమే మెలిపెట్టుట హానికరము. నడుమునొప్పి గలవారును గర్భవతులును వైద్యుని యడుగక దీనిని చేయరాదు.

ఇంటిపనియందును ఈ వివేకము వలయును. నిండు బిందెను ఒక ప్రక్కనుండి వేరొక ప్రక్కకు మార్చునపుడు పాదములనుగూడ ఆ దిక్కునకు త్రిప్పుడు. పాదములు కదలక నడుము మాత్రమే మెలిదిరిగినచో బరువంతయు వెన్నుపై బడును.

మీ కుమార్తె బంతియాట కోరినచో చేతుల సన్నదనమును జూచి కాదనవలదు. పాదములు నిలుపుటయు, మేను త్రిప్పుటయు మొదట నేర్పింపుడు.