అరికాలు నొక్కే ముందు

పాదాలు నొక్కితే ఒళ్లు తేలికపడుతుంది, నిద్ర పడుతుంది. రిఫ్లెక్సాలజీని అంతవరకు మేము కాదనము. కానీ అరికాలిలో ఫలానా చోట నొక్కితే షుగరు తగ్గుతుందంటే ఒప్పుకోము; అందుకు రుజువు లేదు. మా భయం వేరు. షుగరు వల్ల పాదం మొద్దుబారినవారికి గట్టిగా నొక్కినా, వేడినీళ్లకు కాలినా తెలియదు. పుండు పడ్డాకే చూస్తారు, అదీ ఇంట్లోవాళ్లు! 1946లో వెల్లూరు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ గారు, కుష్ఠు రోగుల పాదాలు పాడవడానికి నొప్పి తెలియకపోవడమే ముఖ్య కారణమని గ్రహించారు. షుగరు పాదానికీ అదే ముప్పు. అమ్మగారి కాళ్లు నొక్కే ముందు వేళ్ల సందులు, మడమ పగుళ్లు మంచి వెలుతురులో చూడండి. పుండు, వాపు, నల్లబడటం కనిపిస్తే నొక్కవద్దు; ఆ రోజే ఆసుపత్రికి తీసుకురండి.