స్థలం ఒకరిది, తుక్కు మరొకరిది

రోడ్డు మీద పది గంటలకు మించి దిక్కూమొక్కూ లేకుండా నిలిచిపోయిన వాహనాన్ని ఏం చేయాలో మన చట్టానికి తెలుసు. పోలీసు స్టేషన్ల ఆవరణల్లో తుప్పు పడుతున్న వాహనాలను ఏం చేయాలో సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. కానీ ఒక సామాన్యుడి ఖాళీ స్థలంలోనో, అపార్ట్‌మెంటు సెల్లారులోనో, మెకానిక్ షెడ్డులోనో ఎవరో వదిలేసి పోయిన వాహనాన్ని ఏం చేయాలన్న ప్రశ్నకు సూటిగా సమాధానం చెప్పే కేంద్ర చట్టమేదీ లేదు. దాన్ని ప్రభుత్వ యంత్రాంగం తొలగించదు; స్థలదారు తొలగిస్తే ఊరుకోదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదన్న సామెతకు ఇంతకు మించిన ఉదాహరణ వెతకనక్కరలేదు.

ఇది ఏ ఒక్క నగరానికో పరిమితమైన సమస్య కాదు. అద్దెకున్నవారు ఇల్లు ఖాళీ చేస్తూ వదిలిపోయిన స్కూటరు, మరమ్మతుకు ఇచ్చాక ఖర్చు తడిసి మోపెడు కావడంతో యజమాని తిరిగి చూడని కారు, వాయిదాలు కట్టలేక ఫైనాన్సు వారి కంట పడకుండా తెలిసినవారి దొడ్లో దాచిన ఆటో, యజమాని మరణించాక వారసులు వాటాలు తేల్చుకోక వదిలేసిన లారీ - పెరుగుతున్న ప్రతి పట్టణంలోనూ ఇటువంటివి కనిపిస్తాయి. ప్రకృతి వైపరీత్యాలు వీటికి తోడవుతున్నాయి. 2015 డిసెంబరులో చెన్నైని, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచెత్తిన వరదల్లో నీట మునిగిన వాహనాలెన్నో. బాగు చేయించే ఖర్చు బండి విలువను మించినప్పుడు దాన్ని ఉన్నచోటనే వదిలేసుకునేవారు ఉంటూనే ఉంటారు.

దారిన పోయేవారికి అది పాత ఇనుము. స్థలదారుకు మాత్రం అది మెడకు చుట్టుకున్న గుదిబండ. కూతురి పెళ్లికో, కొడుకు చదువుకో అమ్ముకుందామనుకున్న స్థలాన్ని చూడవచ్చినవారు మొదట అడిగేది ఆ బండి సంగతే. ఇల్లు కట్టుకోదలచినవారికి పునాది తవ్వేందుకు అదే అడ్డం. వాననీరు నిలిచిన పాత టైర్లు డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమలకు అనువైన నెలవులు. బ్యాటరీలోని సీసమూ, ఆమ్లమూ, కారిపోయిన ఇంజను ఆయిలూ క్రమంగా నేలలోకి ఇంకుతాయి. నష్టమంతా స్థలదారుదీ, ఇరుగుపొరుగుదీ. అధికారం మాత్రం కనిపించకుండా పోయిన యజమానిది.

బహిరంగ స్థలం దాటని చట్టం

1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 127వ సెక్షన్ బహిరంగ స్థలంలో పది గంటలు, అంతకు మించి వదిలేసిన వాహనాన్ని అక్కడి నుంచి లాగించివేసే అధికారాన్ని యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారికి ఇచ్చింది. రాకపోకలకు ప్రమాదకరంగా ఉంటే వెంటనే తొలగించవచ్చు. అందుకయ్యే ఖర్చు యజమాని భరించవలసిందే. అయితే ఈ అధికారమంతా ‘బహిరంగ స్థలం’ అన్న రెండు మాటలకు లోబడినది. ప్రజలకు ప్రవేశించే హక్కు ఉన్న చోటునే ఆ చట్టం బహిరంగ స్థలంగా నిర్వచించింది. ప్రహరీగోడ లోపలి జాగా ఆ నిర్వచనంలో ఇమడదు. 2019లో ఈ చట్టాన్ని విస్తృతంగా సవరించినప్పుడు జరిమానాల పెంపుపై చూపిన శ్రద్ధలో పదోవంతు కూడా పాలకులు ఈ వెలితిపై చూపలేదు.

ఈ గీతను న్యాయస్థానాలు ఎంత పట్టింపుగా చూస్తాయో విశాఖ ఉక్కు కర్మాగారం ఉదంతమే నిదర్శనం. కర్మాగారం ప్రహరీ లోపలి యార్డులో మాత్రమే తిరిగిన ఒక రవాణా సంస్థ వాహనాలకు ఆ కాలానికి మోటారు వాహన పన్ను వర్తించదని సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో తీర్పు చెప్పింది. బహిరంగ స్థలంలో వాడని వాహనంపై పన్ను అడగరాదన్నది ఆ తీర్పు సారాంశం. పన్ను చెల్లింపుదారుకు అది న్యాయమే. కానీ అదే గీతకు లోపల దిక్కులేకుండా పడి ఉన్న వాహనం విషయంలో మాత్రం అది అన్యాయానికి దారి తీస్తున్నది. పన్ను వసూలుకు అక్కరలేని వాహనం, తొలగింపుకూ అక్కరలేనిదైపోయింది.

అడకత్తెరలో స్థలదారు

స్థలదారు పోలీసు స్టేషన్‌కు వెళితే అది సివిల్ వ్యవహారమని పంపేయడం పరిపాటి. పురపాలక సిబ్బంది ప్రైవేటు స్థలంలోకి తాము రాలేమంటారు. రవాణా శాఖ కార్యాలయానికి వెళితే రిజిస్ట్రేషన్ రద్దుకు వాహన యజమానే దరఖాస్తు చేయాలంటారు. పోనీ ఆ యజమానినే వెతుకుదామంటే రవాణా శాఖ పోర్టల్‌లో నంబరు నమోదు చేసినవారికి పేరులోని కొన్ని అక్షరాలు మాత్రమే కనిపిస్తాయి, చిరునామా కనిపించదు. వ్యక్తిగత గోప్యత దృష్ట్యా ఆ జాగ్రత్త సబబే. కానీ అప్పుడు నోటీసు పంపేది ఎవరికి?

పేరు దొరికినా చిక్కు తీరదు. వాహనం అమ్మినవారు 14 రోజుల్లోగా రవాణా శాఖకు తెలపాలని చట్టం చెబుతున్నా, తెల్లకాగితం మీద సంతకం తీసుకుని తాళాలు చేతికిచ్చే అలవాటు పోలేదు. మూడు చేతులు మారిన బండికి రికార్డుల్లో మొదటి యజమాని పేరే ఉంటుంది. రికార్డులో పేరున్నవాడే చట్టం దృష్టిలో యజమాని అనీ, ప్రమాద పరిహారం బాధ్యత అతనిదే అనీ సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో స్పష్టం చేసింది. అంటే ఎవరి దొడ్లోనో పడి ఉన్న తుక్కు, ఎప్పుడో అమ్ముకుని మరచిపోయిన మరొక అమాయకుడి మెడపైనా కత్తిలా వేలాడుతూనే ఉంటుంది.

విసిగిపోయిన స్థలదారు ఆ బండిని తుక్కు కింద అమ్మేస్తే పరుల సొత్తును దురుద్దేశంతో సొంతం చేసుకున్నాడన్న నేరారోపణ ఎదురుకావచ్చు. రోడ్డు మీదికి నెట్టేస్తే దారికి అడ్డం పెట్టిన తప్పు అతనిదవుతుంది. సివిల్ కోర్టుకెక్కితే లాయరు ఫీజే బండి విలువను మించిపోతుంది. తీర్పు వచ్చేసరికి బండి మిగలకపోవచ్చు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అంటే ఇదే.

1872 నాటి కాంట్రాక్టు చట్టం కొంత ఊరట ఇస్తుందని వాదించేవారున్నారు. దొరికిన వస్తువు యజమాని తగిన ప్రయత్నం చేసినా కనిపించకపోతే, లేదా న్యాయమైన ఖర్చులు ఇవ్వనంటే, ఆ వస్తువు విలువ చాలామేరకు నశించే ప్రమాదం ఉన్నప్పుడు గానీ, ఖర్చులు విలువలో మూడింట రెండు వంతులకు చేరినప్పుడు గానీ దొరికించుకున్నవారు దాన్ని అమ్మవచ్చునని 169వ సెక్షన్ చెబుతున్నది. కానీ అది వస్తువును ఏరి తెచ్చి భద్రపరచినవారి కోసం రాసిన నిబంధన. తన ప్రమేయం లేకుండా తన నేలపై దించిపోయిన లారీకి స్థలదారు ‘దొరికించుకున్నవాడు’ అవుతాడా అన్నదే సందేహం. ఒకవేళ అయినా, రిజిస్ట్రేషన్ పత్రం లేని కొనుగోలుదారు పేరిట రవాణా శాఖ బండిని మార్చదు. మెకానిక్ పరిస్థితి మరీ విచిత్రం. కూలి ముట్టేదాకా బండిని తన వద్ద ఉంచుకునే హక్కు 170వ సెక్షన్ అతనికి ఇచ్చింది; అమ్ముకునే హక్కు మాత్రం ఇవ్వలేదు. తాకట్టు పెట్టుకున్న వ్యాపారి తగిన నోటీసు ఇచ్చి సొత్తు అమ్ముకోవచ్చు. చెమటోడ్చి ఇంజను బాగుచేసినవాడు మాత్రం ఆ బండికి జీతం లేని కాపలాదారుగా మిగిలిపోవాలి.

తుక్కు విధానంలో వెలితి

కాలం చెల్లిన వాహనాలను శాస్త్రీయంగా తుక్కు చేయించడానికి కేంద్రం 2021 సెప్టెంబరులో నిబంధనలు తెచ్చింది. గుర్తింపు పొందిన కేంద్రంలో వాహనాన్ని అప్పగిస్తే డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు. దాన్ని చూపితే కొత్త వాహనం పన్నులో సొంత వాహనాలకు 25 శాతం వరకు, రవాణా వాహనాలకు 15 శాతం వరకు రాయితీ ఇచ్చే వీలు కల్పించారు. వాహన తయారీదారులపైనా తుక్కు బాధ్యత మోపే పర్యావరణ నిబంధనలు 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఇవన్నీ హర్షించదగినవే. అయితే అక్కడ వాహనాన్ని అప్పగించవలసింది యజమాని, లేదా అతడు అధికారమిచ్చిన వ్యక్తి. చట్టాన్ని అమలు చేసే సంస్థలు పట్టుకున్న, వేలం వేసిన వాహనాలకు చోటుంది. పరుల బండి తన నేలపై కుళ్లిపోతున్నదని మొరపెట్టుకునే స్థలదారుకు మాత్రం తావు లేదు.

ఫలితం ఊహించదగినదే. చట్టబద్ధమైన దారి మూసి ఉన్నచోట దొంగదారికి గిరాకీ పెరుగుతుంది. పత్రాలు అడగని, రశీదు ఇవ్వని తుక్కు దుకాణాలకు ఇటువంటి బండ్లు రాత్రికి రాత్రి చేరతాయి. రికార్డుల్లో ఆ వాహనం బతికే ఉంటుంది. దాని నంబరు మరొక దొంగ బండికి అతికే ప్రమాదమూ ఉంటుంది. ఇంతలో ఢిల్లీలో కాలపరిమితి మీరిన వాహనాలను బహిరంగ స్థలాల్లో నిలపనివ్వకుండా, పట్టుబడినవాటిని ప్రైవేటు స్థలంలో ఉంచుతామన్న హామీపై విడిపించుకునేలా 2024లో మార్గదర్శకాలు వెలువడ్డాయి. రోడ్డును శుభ్రం చేయవలసిందే. కానీ రోడ్డు మీది భారం ప్రహరీ లోపలికి జరిగితే సమస్య తీరినట్టు కాదు, కనుమరుగైనట్టు మాత్రమే.

ఇరుపక్షాల న్యాయం

స్థలదారు అడిగిందే తడవుగా బండిని తుక్కు చేసే అధికారం ఇచ్చేస్తే సరిపోతుందా అంటే, అదీ ప్రమాదమే. చట్టప్రకారం తప్ప ఎవరి ఆస్తినీ లాక్కోరాదని రాజ్యాంగంలోని 300ఎ అధికరణం చెబుతున్నది. వదిలేసినట్టు కనిపించే ఆటో వెనుక ఆసుపత్రి పాలైన డ్రైవరు ఉండవచ్చు. పని వెతుక్కుంటూ ఊరు విడిచిన కుటుంబం ఉండవచ్చు. బండి దొంగిలించినదైతే అసలు యజమాని మరొక ఊళ్లో దాని కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తూ ఉండవచ్చు. అద్దె తగాదాలో కిరాయిదారును లొంగదీయడానికి, అపార్ట్‌మెంటు సంఘంలో కక్ష తీర్చుకోవడానికి, అన్నదమ్ముల పంపకాల్లో పైచేయి సాధించడానికి ఈ అధికారాన్ని ఆయుధం చేసుకునేవారికి కొదవ ఉండదు. అందుకే కావలసింది స్థలదారుకు అధికారం కాదు. గడువుతో కూడిన పద్ధతి.

ఇతర దేశాలు ఈ పద్ధతిని ఏనాడో ఏర్పరచుకున్నాయి. బ్రిటన్‌లో 1977 నాటి చట్టం ప్రకారం, తన వద్ద మిగిలిపోయిన పరుల వస్తువును మరమ్మతుదారు వంటివారు ముందుగా నోటీసు ఇచ్చి అమ్మవచ్చు. వచ్చిన సొమ్ముకు యజమానికి లెక్క చెప్పాలి. ఆరుబయట నేలపై వదిలేసిన వాహనాలను తొలగించే బాధ్యతను 1978 చట్టం స్థానిక సంస్థలపై పెట్టింది. ప్రైవేటు స్థలమైతే అక్కడ ఉంటున్నవారికి ముందుగా తెలిపి, అభ్యంతరం చెప్పుకునేందుకు 15 రోజుల వ్యవధి ఇస్తారు.

మన దగ్గరా పునాది లేకపోలేదు. 1861 నాటి పోలీసు చట్టం 25వ సెక్షన్ హక్కుదారు లేని ఆస్తి యావత్తునూ స్వాధీనం చేసుకోవడం పోలీసుల విధి అని చెప్పింది. ఆ ఆస్తి బహిరంగ స్థలంలోనే ఉండాలన్న షరతు పెట్టలేదు. మేజిస్ట్రేటు ప్రకటన ఇచ్చి ఆరు నెలలు చూసి, ఎవరూ రాకపోతే అమ్మించవచ్చు. హైదరాబాద్ పరిసరాల పోలీసు కమిషనరేట్లు దిక్కులేని వాహనాలపై ఇటువంటి ఆరు నెలల ప్రకటనలు ఇచ్చి వేలం వేయడం పరిపాటే. లోపించింది ఆ పద్ధతిని ప్రహరీ లోపలికి తీసుకువెళ్లే ఆదేశం. ఠాణాల్లో చోటు లేదన్నది పోలీసుల అసలు ఇబ్బంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 497వ సెక్షన్, కోర్టు ముందుంచిన సొత్తుకు 14 రోజుల్లో వివరాల పట్టిక తయారుచేసి, ఫొటోలు తీయించి, ఆపైన 30 రోజుల్లో దాన్ని ఏం చేయాలో తేల్చమంటున్నది. దీన్ని చిత్తశుద్ధితో అమలు చేస్తే ఆ చోటూ దొరుకుతుంది.

చేయవలసింది కష్టసాధ్యమేమీ కాదు. స్థలదారు ఫొటోలతో, ఛాసిస్ నంబరుతో ఫిర్యాదు ఇస్తే స్టేషన్‌లో రశీదు ఇవ్వాలి. వారంలోగా దొంగిలించిన వాహనాల జాబితాతో సరిపోల్చి, రికార్డుల్లోని యజమానికీ, అప్పిచ్చిన సంస్థకూ పోలీసులే నోటీసు పంపాలి. అప్పుడు చిరునామా గోప్యతా కాపాడినట్టవుతుంది. అరవై రోజులు గడువు, బతుకుతెరువు వాహనాలకు మరో నెల అదనం ఉండాలి. అప్పటికీ ఎవరూ రాకపోతే వాహనం వేలానికో, గుర్తింపు పొందిన తుక్కు కేంద్రానికో చేరాలి. అదే రోజు రిజిస్ట్రేషన్ రద్దు కావాలి. తరలింపు ఖర్చు, మెకానిక్ కూలి పోగా మిగిలిన సొమ్మును యజమాని పేరిట కొంతకాలం భద్రపరచాలి. అద్దె, కుటుంబ తగాదాలున్న కేసులను కోర్టుకే వదలాలి. తప్పుడు ఫిర్యాదుకు జరిమానా ఉండాలి. మోటారు వాహనాల చట్టానికి ఒక చిన్న సవరణ, తుక్కు నిబంధనల్లో ఒక వాక్యం ఇందుకు చాలు. అంతవరకు రాష్ట్ర ప్రభుత్వాలు పోలీసు చట్టాల కింద ఉత్తర్వులు ఇచ్చి పని మొదలుపెట్టవచ్చు.

పాత బండ్లను వదిలించుకుంటేనే కొత్త బండ్లకు గిరాకీ అని లెక్కలు వేసుకున్న ప్రభుత్వం, వదిలేసిన బండి కింద నలుగుతున్న నేల ఎవరిదో కూడా లెక్క చూడాలి. చట్టాన్ని గౌరవించి బండి జోలికి పోనివాడు నష్టపోతూ, అర్ధరాత్రి దాన్ని కోయించేసినవాడు హాయిగా ఉంటున్నంతకాలం ఆ చట్టానికి గౌరవం దక్కదు. తుప్పు పడుతున్నది ఇనుము ఒక్కటే కాదు.