అక్షరము చుట్టును కొంత చోటు
రాజుపాలెము మొదలుకొని జమ్మలమడుగు, పులివెందుల వరకు బడిగోడలకు రంగులు పూయించు పెద్దలకు నాదొక విన్నపము: పువ్వులు, చిలుకలు, పటములు ఎన్నియైనను వ్రాయింపుడు గాని, ఓనమాలు దిద్దుకొను బిడ్డ చూచు నల్లబల్ల చుట్టును మాత్రము గోడను ఖాళీగా విడిచిపెట్టుడు. కన్ను కోరిన యక్షరమునే గ్రహించి తక్కినవానిని త్రోసిపుచ్చగలదని మనము భావింతుము. కాని 1974లో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమున బార్బరా ఎరిక్సెన్, చార్లెస్ ఎరిక్సెన్ అనువారు, చూడవలసిన యక్షరమెచ్చట కనబడునో ముందే తెలిపియుంచినను, దాని కిరువైపుల వేఱు సమాధానమును కోరు నక్షరములను నిలిపినచో చూచువాని స్పందన మందగించుననియు, నడిమి యెడము పెరిగినకొలది ఆ జాప్యము తగ్గుననియు నిరూపించిరి. 26 అక్షరముల ఆంగ్లలిపికే ఇట్టి గతి పట్టగా, ప, వ, ష, ఘ లును, మ, య లును, ద, ధ, థ లును చిన్న గీతతోనో చుక్కతోనో వంపుతోనో మాత్రమే వేఱుపడి, పైన గుణింతపు గుర్తులును క్రింద వత్తులును పెనగొను మన లిపి విషయమున జాగరూకత యెంత యవసరమో వేఱుగ చెప్పనేల? 2014లో అన్నా ఫిషర్ ప్రభృతులు ప్రకటించిన పరిశోధనలో, గోడలనిండ అలంకరణములున్న గదియందు పసిపిల్లల దృష్టి యెక్కువగా చెదరి, పాఠము తక్కువగా వంటబట్టినది. ప్రొద్దుటూరునకు అనతిదూరమున, కలమళ్ళ చెన్నకేశవాలయ ప్రాంగణమున, సుమారు క్రీ.శ. 575 నాటి రేనాటి చోళరాజగు ధనంజయుని తెలుగు శాసనమును లోకమునకిచ్చిన రేనాటి సీమ ఇది. ఇచ్చటి బిడ్డకు తన లిపి తొలిచూపుననే తేటపడవలయును. వెల యేమియు లేని యీ మార్పును రాబోవు వేసవి సెలవులలో, గోడలకు సున్నము కొట్టించునపుడే, పెద్దలు తలపెట్టుదురు గాక.