చూలింతకు తిండి, బాలింతకు మందు

మన ఇంటి వంటల గురించి, పండుగల గురించి ఇక్కడ చాలా రాశాను. ఈసారి నా పొరపాటు ఒకటి రాస్తున్నా.

మా కోడలికి ఐదో నెలలో దగ్గు పట్టుకుంది. "జ్యేష్ఠమధు కషాయం ఇవ్వండి, ఏమీ కాదు" అని పక్కింటి కన్నడ ఆవిడ చెబితే, చిక్కపేటలో ఓ గ్రంధిగె అంగడికి వెళ్ళి పొడి తెచ్చాను. మూడు వారాలు రెండు పూటలా పట్టించా. తర్వాతి చెకప్‌లో చూస్తే బీపీ పెరిగింది. "వేరే ఏమైనా తీసుకుంటున్నావా?" అని డాక్టరమ్మ అడిగితే, ఆ పిల్ల నా మొహం వైపు చూసి "లేదండీ" అంది. నన్ను చిన్నబుచ్చడం ఇష్టంలేక అబద్ధమాడింది.

నేనే నోరు విప్పి చెప్పాను. వెంటనే ఆపమన్నారు. తర్వాత బీపీ దిగింది. కారణం అదొక్కటేనని తేల్చి చెప్పలేమన్నారు గానీ, జ్యేష్ఠమధు అంటే మన అతిమధురమేననీ, ఎక్కువైతే అది బీపీ పెంచుతుందనీ నాకు ఆరోజే తెలిసింది. అతిమధురం మిఠాయిలు ఇష్టంగా తినే ఫిన్లాండ్‌లో కూడా 2016లో గర్భిణులు దాన్ని తినకపోవడమే మంచిదని ప్రభుత్వ ఆరోగ్య సంస్థ చెప్పింది.

మదనపల్లె నుంచి బెంగళూరు వచ్చేటప్పుడు మా అవ్వ మందుల డబ్బా ఒకటి తెచ్చింది. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, వాము. వాటికి బెల్లం, నెయ్యి కలిపి చేసే కాయం పురుడు అయ్యాకే బయటికి వచ్చేది. కడుపుతో ఉన్నప్పుడు మాత్రం వేవిళ్ళకి మజ్జిగలో కాస్త అల్లం, అంతే. "చూలింతకు తిండి, బాలింతకు మందు" అనేది. ఏ నెలలో, ఎంత, ఎవరికి అన్న లెక్క అవ్వ బుర్రలో ఉండేది, డబ్బా మీద రాసి లేదు. మనకి డబ్బా మిగిలింది, లెక్క పోయింది.

పైగా ఊరు మారితే పేర్లూ మారతాయి. ఇక్కడ "శుంఠి" అంటే పచ్చి అల్లం చేతిలో పెడతారు. ఎండుది కావాలంటే "ఒణ శుంఠి" అనాలి. మన పెన్నేరుగడ్డ ఇక్కడ హిరేమద్దు, ప్యాకెట్ మీద అశ్వగంధ. బలానికి మంచిదని ఎవరైనా ఇచ్చినా, కడుపుతో ఉన్నవాళ్ళు దాని జోలికి పోకూడదు. కలబంద రసం, ఆముదం తాగడం కూడా అంతే.

"మన పెద్దవాళ్ళంతా ఇవి తాగే కన్నారు కదా?" అంటారు. కన్నారు. మా అవ్వ ఎనిమిది మందిని కని ఐదుగురిని మిగుల్చుకుంది. పోయిన ముగ్గురూ ఎందుకు పోయారో ఎవరు అడిగారు?

"ఆయుర్వేదం కదా, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు" అనేవాళ్ళకి ఇంకో మాట. 2011-12లో న్యూయార్క్ నగరంలో ఆరుగురు గర్భిణుల రక్తంలో సీసం ఎక్కువగా కనిపించింది. వాళ్ళు వాడినవి మన దేశం నుంచి వెళ్ళిన ఆయుర్వేద మందులే. సీసం కడుపులో బిడ్డకి కూడా చేరుతుంది.

అందుకని ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి ఇదీ. కూరలో, చారులో పడే అల్లం, జీలకర్ర, మెంతులు, పసుపు మామూలుగా వాడుకుంటాం. చెంచాలతో కొలిచి రోజూ మింగేది ఏదైనా అది మందే, డాక్టరుని అడగాల్సిందే. ఏమేం కలిపారో రాసి లేని పొడి ఇంట్లోకి రాదు. అత్తగారు ఇచ్చినా, అమ్మ ఇచ్చినా, అడగడం అమర్యాద కాదు. ఆ మాట కోడలితో ముందుగా అనాల్సింది మనమే.

మనవరాలు పుట్టింది. కాయం చేశాను. అందులో ఏమేం వేశానో కాగితం మీద రాసి డాక్టరమ్మకి చూపించాకే మా కోడలికి పెట్టాను.