ఆడపిల్లల లీగ్‌కు ఇరవై ఏళ్ళ ఆలస్యం

శుక్రవారం వచ్చిందంటే క్యాంపు గదుల్లో టీవీ చుట్టూ చేరి ఫుట్‌బాల్ చూస్తాం. యూరప్ ఆటగాళ్ళ పేర్లు మనకు కంఠతా వచ్చు. మన దేశంలో ఆడపిల్లలకూ ఒక జాతీయ లీగ్ ఉందని మనలో ఎందరికి తెలుసు?

మగవారి జాతీయ లీగ్ 1996లో మొదలైంది. మహిళలది మొదలవడానికి 2016-17 దాకా పట్టింది. తొలి ఏడాది ఆఖరి దశ మొత్తం ఢిల్లీలోనే కొద్ది రోజుల్లో ముగించారు. మణిపూర్‌కు చెందిన ఈస్టర్న్ స్పోర్టింగ్ యూనియన్ గెలిచింది. కరోనా వల్ల 2020-21లో లీగే జరగలేదు. ప్రతి జట్టూ సొంత ఊళ్ళో ఒకసారి, ఎదుటివారి ఊళ్ళో ఒకసారి ఆడే పద్ధతి 2023-24లో గానీ రాలేదు.

కొన్ని వారాలే పని ఉంటే ఏడాదంతా ఇల్లు ఎలా గడుస్తుంది? ఆ బాధ మనకు తెలియనిది కాదు. అందుకే ఈ లీగ్ ఏటా ఆగకుండా, ఎక్కువ నెలలు జరగాలనీ, ఆడేవారికి సరైన జీతం అందాలనీ మేము కోరుతున్నాం.

2024-25లో గెలిచిన ఈస్ట్ బెంగాల్ జట్టులో మన నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య ఉంది. ఆ ఏడాది దేశంలో ఉత్తమ మహిళా క్రీడాకారిణి అవార్డు కూడా ఆమెకే దక్కింది. మనలో చాలామందిది ఆ జిల్లానే కదా!

ఇంటికి ఫోన్ చేస్తే బిడ్డ పెళ్ళి ఖర్చు మాట్లాడుకుంటాం. ఈసారి ఫోన్‌లో ఆ బిడ్డనే పిలిచి, "ఆడుకోవడానికి బూట్లు కావాలా తల్లీ?" అని కూడా అడుగుదాం.