దూరం వేరు, ప్రయాణం వేరు

పొరుగూరు ఎంత దూరమని అడిగితే పూర్వం తెలుగునాట "పూట ప్రయాణం" అనో, "ఝాము నడక" అనో చెప్పేవారు. దూరాన్ని కాలంతో కొలిచే ఈ పద్ధతి అశాస్త్రీయమైనది కాదు. అమెరికాలోని తెలుగు కుటుంబాలు విమానప్రయాణాల విషయంలో దానిని మళ్ళీ చేపట్టడం మేలు.

స్టేట్ ఫార్మ్ ప్రధాన కార్యాలయమున్న ఇల్లినాయ్‌లోని బ్లూమింగ్టన్, వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయమున్న ఆర్కాన్సాలోని బెంటన్‌విల్ ఇందుకు తగిన ఉదాహరణ. ఈ రెండు ఊళ్ళ ప్రాంతీయ విమానాశ్రయాల మధ్య భూగోళంపై గీయగల అతి చిన్న రేఖ, అనగా మహావృత్త చాపం, సుమారు 410 మైళ్ళు. జెట్ విమానవేగం గంటకు 500 మైళ్ళనుకొని భాగిస్తే 50 నిమిషాలు వస్తుంది. దూరపట్టికలు చూపే ప్రయాణకాలం ఈ లెక్కకు దగ్గరగానే ఉంటుంది.

అయితే విమానం నేలను వదిలిన క్షణం నుండే ఆ వేగంతో పోదు. రన్‌వే చేరడానికి, పైకి ఎగయడానికి, దిగడానికి సమయం కావాలి. పైగా ఈ అక్షాంశాలలో ఎత్తున వీచే గాలులు ప్రధానంగా పడమటి నుండి వస్తాయి. న్యూయార్క్ నుండి లాస్ ఏంజెలెస్‌కు పోయే విమానానికి, తిరుగు ప్రయాణం కంటె దాదాపు గంట ఎక్కువ పట్టడానికి కారణమిదే.

అన్నిటినీ మించినది మార్గం. 1978లో విమానయానంపై ప్రభుత్వ నియంత్రణ తొలగిన పిమ్మట సంస్థలు పెద్ద నగరాలను కూడళ్ళుగా చేసుకొనే పద్ధతి బాగా విస్తరించింది. అందువల్ల బ్లూమింగ్టన్ ప్రయాణికుడు నైరుతికి పోవడానికి ముందు ఈశాన్యాన ఉన్న షికాగోకు 116 మైళ్ళు పోయి, అక్కడినుండి 522 మైళ్ళు వెనుకకు రావలసి వస్తుంది. 410 మైళ్ళ దూరం 638 అయింది! ఎగిరే కాలం సుమారు మూడు గంటలే అయినా, ముందుగా చేరుకోవడం, తనిఖీ, మధ్యలో నిరీక్షణ కలిపితే ఇంటినుండి ఇంటికి ఆరేడు గంటలు. రోడ్డు మార్గం సుమారు 500 మైళ్ళు, కారులో ఎనిమిది గంటలు. నలుగురున్న కుటుంబానికి ఆ గంట తేడా కోసం నాలుగు టికెట్లు కొనడం ఎంతవరకు సమంజసం?

భారతదేశం నుండి వచ్చే తల్లిదండ్రుల విషయంలో ఈ లెక్క మరింత ముఖ్యం. అమెరికాలో దిగిన తొలి విమానాశ్రయంలోనే సాధారణంగా ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీలు ముగించుకొని, సామాను తీసుకొని తిరిగి అప్పగించాలి. సుదీర్ఘ ప్రయాణంతో అలసిన, ఆంగ్లం అంతగా రాని వృద్ధులకు గంటన్నర వ్యవధిలో మరో విమానం అందుకోవడం పరీక్షే. చివరి 116 మైళ్ళకు టికెట్ కొనడానికి బదులు పిల్లలే కారులో షికాగో వెళ్ళి వారిని తీసుకొని రావడం ఉత్తమం. అది కుదరకపోతే నాలుగు గంటల విరామమున్న టికెట్ ఎంచుకోవాలి.

మైళ్ళు పటానికి సంబంధించినవి. గంటలు, అలసట మనిషికి సంబంధించినవి. టికెట్ కొనే ముందు చూడవలసినది రెండవ లెక్క.